కొయ్యూరు బస్సెక్కిన నామం

మా మావయ్యకి పథ్యం పెట్టింది డాక్టరు కాదు, మా అత్త. కామెర్లు తగ్గాక డాక్టరు ఇక అన్నీ తినొచ్చన్నాడు. అత్త ఒప్పుకోలేదు. ఆవిడ మా నాన్నగారి చెల్లెలు. మావయ్య పచ్చగా మంచాన పడి ఉన్నప్పుడు, ఈయన లేచి తిరిగితే మన వీధి రామాలయంలో ఏకాహం చేయిస్తానని మొక్కుకుంది. ఆయన లేచాడు, తిరిగాడు, ఆఫీసులో తన గుమస్తా కుర్చీలో మళ్లీ కూర్చున్నాడు. ఏకాహం మాత్రం పూర్తి కాలేదు. మొక్కు తీరేదాకా జబ్బు పోయినట్టు కాదనీ, అది వీధరుగు మీద కూర్చుని లోపల ఏం వండుతున్నారో వాసన చూస్తోందనీ అత్త నమ్మకం. అందుకని బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు. ఆవకాయ జాడీ అటకెక్కింది.

ఏటా వేసవిలో కొత్త ఆవకాయ మాత్రం పెట్టేది. ఇంటికి వచ్చేపోయేవాళ్లకి వడ్డించాలి కదా. ఆ వాసనకి మావయ్య వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. పెళ్లి భోజనాల్లో అత్త ఆడవాళ్ల పంక్తి వదిలేసి ఆయన పక్క విస్తరి దగ్గర కూర్చునేది.

"ఒరే, నువ్వు పేపర్లో రాయరా. బతికున్న మనిషికి ఆవకాయ ఆపీడం నేరమని రాయి," అన్నాడు నాతో ఒకసారి.

"అది నేరం కింద రాదు మావయ్యా. కుటుంబ వ్యవహారం కింద వస్తుంది."

"అయితే ఆ ఏకాహం ఏదో బేగి కానిచ్చీమని మీ అత్తకి సెప్పు."

అప్పట్లో నేనొక దినపత్రికకి నర్సీపట్నం విలేకరిని. ఎనభైల మొదట్లో సంగతి. ఊళ్లో ఏ భజన జరిగినా, ఎవరి మేక పోయినా రాసే బాధ్యత నాదే.

ఏకాహమంటే ఒక సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా ఆపకుండా రామనామం పాడటం. ముందుపాట వాళ్లు ఒకసారి అంటే, వెనకపాట వాళ్లు అందుకుని మళ్లీ అంటారు. దేవుడి ముందు దీపం ఆరకూడదు, నామం తెగకూడదు. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు వస్తుంది. కానీ పాతవాళ్లు ఆపాక కొత్తవాళ్లు మొదలుపెట్టడం ఉండదు. కొత్తవాళ్లు మెల్లగా వచ్చి వాళ్ల మధ్య కూర్చుని గొంతు కలుపుతారు. రెండు జట్ల గొంతులూ కలిసిపోయాక పాతవాళ్లు ఒక్కొక్కరే, ఎవరికీ చెప్పకుండా, చప్పుడు చెయ్యకుండా లేస్తారు. వెళ్తున్నానని చెప్పడానికి నోరు తెరిచినా నామంలో వేరే మాట పడినట్టే. పూజారిగారు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు: నామం నోటి నుంచి నోటికి వెళ్లాలి, మధ్యలో నేల మీద పెట్టకూడదు.

అత్త మొదటి ఏకాహం వరస మీద తెగింది. మధ్యాహ్నం వచ్చిన జట్టులో ఒకాయన నామాన్ని సినిమా పాట వరసలోకి మార్చాడు. పెద్దవాళ్లు కళ్లతో ఉరిమారు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చివరికి హార్మనీ వాయించే మాస్టారు, "ఇదేం వరసండీ, దేవుడి ముందా సినిమా హాల్లోనా?" అన్నారు. రెండోవాళ్లు, "దేవుడు సినిమా సూడ్డని మీకు ఆయన సెప్పినాడా?" అన్నారు. రెండు జట్లూ కలిసి చాలా గట్టిగా వాదించుకున్నాయి. కాసేపటికి ఎవరో గమనించారు, గుళ్లో అందరి నోళ్లూ పనిచేస్తున్నాయి గానీ నామం ఎవరి నోటా లేదని. అత్త వంట పొయ్యిలో నీళ్లు చల్లేసి ఇంటికి వెళ్లిపోయింది.

రెండోది ఇంకా చిత్రం. మైకు సెట్టు కుర్రవాడి దగ్గర టేపురికార్డరు ఉండేది. జట్టువాళ్లు ఫలహారానికి లేవడానికి వీలుగా, వాళ్ల నామాన్నే రికార్డు చేసి మైకు ముందు పెట్టాడు. వీధి చివరిదాకా నామం మోగుతూనే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. అత్త ప్రసాదం గిన్నె పట్టుకుని గుళ్లోకి వెళ్లేసరికి చాప మీద మనిషన్నవాడు లేడు. టేపురికార్డరు ఒక్కటే కూర్చుని పాడుతోంది. ఎవరో దానికి బంతిపూల దండ కూడా వేశారు. మిషనుకి ఊపిరి లేదు కాబట్టి ఇది చెల్లదని పూజారిగారు తేల్చేశారు. ఆ రోజు మావయ్య వాదించిన తీరు ఆఫీసు ఫైళ్ల మీద వాదించి ఉంటే ఎప్పుడో ప్రమోషను వచ్చేది. "గొంతు మనుషులదే కదండీ. ఊపిరి ముందే తీసీసుకున్నారు, ఇప్పుడు వాడుకుంటన్నారు, అంతే కదా," అన్నాడు. పూజారిగారు చలించలేదు. మళ్లీ బీరకాయ.

మొక్కుకున్న మూడో ఏడు, మాఘమాసంలో మూడోసారి పెట్టింది. ఈసారి తెగితే ఇక తన చేతిలో ఏమీ లేదనీ, మావయ్య జన్మంతా పథ్యమేననీ ముందే చెప్పేసింది. అన్న మాట మీద నిలబడే మనిషి అని మా అందరికీ తెలుసు. మావయ్యకి మరీ తెలుసు.

పొద్దున్న నుంచి ఊళ్లో ఉద్యోగస్తుల జట్టు. మాస్టార్లు, గుమస్తాలు, ఒక బస్సు కండక్టరు. మధ్యాహ్నం నుంచి మాకవరపాలెం వైపు పల్లె రైతుల జట్టు రావాలి. వాళ్ల నామానికి ఆ చుట్టుపక్కల పేరుంది. వాళ్లు కొలిచేది రాముణ్ని, పండించేది చెరుకు. అదే రోజు వాళ్ల ఊళ్లో పెనం పొయ్యి మీద ఉంది. బెల్లం పాకానికి వచ్చే వేళ పెనం వదిలి రావడం కుదరదు. దింపగానే వస్తామని కబురు పెట్టారు. వాళ్లని తోడుకురావడానికి మావయ్య పొద్దున్నే వెళ్లి రోడ్డు మీద నిలబడ్డాడు.

ఉద్యోగస్తుల జట్టుకి ఆఫీసులో మధ్యాహ్నం దాకానే పర్మిషను. వేళ దాటుతోంది. పద్ధతి తెలిసినవాళ్లు కాబట్టి ఒక్కొక్కరే, ఎవరికీ చెప్పకుండా, చప్పుడు చెయ్యకుండా లేచారు. ప్రతివాడూ తను లేచినా మిగతావాళ్లు ఉన్నారనే అనుకున్నాడు. చివరికి హార్మనీ మాస్టారు కూడా పెట్టె మూసి లేచారు. ముందు వరసలో కళ్లు మూసుకుని తాళాలు వేస్తున్న కండక్టరు కళ్లు తెరిచేసరికి గుళ్లో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు, తను. పూజారిగారు భోజనానికి వెళ్లారు. అత్త వెనక వసారాలో పులిహోర కలుపుతోంది.

అతను పాడుతూనే అత్త దగ్గరికి వెళ్లాడు. నోటికి చెయ్యి చూపించాడు, అందుకోమని. దాహమేమోనని అత్త మంచినీళ్లు ఇచ్చింది. అడ్డంగా తల ఊపి మళ్లీ నోరు చూపించాడు. దొప్పలో పులిహోర పెట్టింది. అప్పుడతను చేతి గడియారం చూపించాడు. కొయ్యూరు బస్సుకి తనే కండక్టరు. అత్తకి అర్థమైంది. అందుకోవడానికి ఆవిడకి నోరు రాలేదు. ఆ ఇంట్లో అత్త పాడగా విన్నవాళ్లు లేరు. పెళ్లైన కొత్తలో ఏదో మంగళహారతి ఎత్తుకుంటే ఇది మగ గొంతులా ఉందని వాళ్లత్తగారు నవ్విందట. అంతటితో సరి.

అతను గుడి మెట్లు దిగాడు. నామం గుడి దిగిపోతోంది. దీపానికి నూనె నింపి, పక్కింటి ముసలావిడని దాని దగ్గర కూర్చోబెట్టి, అత్త అతని వెనక నడిచింది.

ఆ వేళకి నేను బస్టాండులో ఉన్నాను. మా వార్తలు అప్పట్లో కవరులో పెట్టి విశాఖపట్నం బస్సు డ్రైవరుకి ఇచ్చేవాళ్లం. కవరు ఇచ్చి తిరిగేసరికి ఖాకీ చొక్కా, భుజాన తోలు సంచీ, చేతిలో తాళాలు, నోట్లో రామనామంతో కండక్టరు వస్తున్నాడు. వెనక మా అత్త, చేతులకి పసుపు, పులిహోర మెతుకులు.

"ఏటత్తా ఇది?"

"నామం ఎళ్లిపోతోందిరా. నువ్వూ రా," అంది.

నామం నేనే అందుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. గొంతు కలపబోయాను. అంతలో కంట్రోలరు కిటికీలోంచి అరిచాడు, "ఏటండీ మీ భక్తి, బండి లేటైపోనాది. డ్రైవరు ఎక్కి కూకున్నాడు. బేగి ఎక్కండి." కండక్టరు ఎక్కేశాడు. నామం ఎక్కింది. అత్త ఎక్కింది. నేనూ ఎక్కాను. విజిలు ఊదాలంటే నామం ఆపాలి కాబట్టి అతను బస్సు రేకు మీద తాళాలతో రెండుసార్లు కొట్టాడు.

బస్సు నిండా సంతకి వచ్చి తిరిగి వెళ్తున్న కొండ ఊళ్ల ఆడవాళ్లు, జీడితోటల రైతులు, ఒక స్కూలు మాస్టారు. ఉప్పు బస్తాలు, ఎండుచేపల బుట్టలు. టిక్కెట్లు కొట్టాలంటే ఎవరు ఎక్కడికని అడగాలి. అడిగితే నామం తెగుతుంది. కండక్టరు కుడివైపు సీట్లకేసి చెయ్యి చూపించి ముందుపాట అన్నాడు, ఎడమవైపు చూపించి వెనకపాట అన్నాడు. అంటే అనలేదు, చేతులతోనే. నేను లేచి సంగతంతా చెప్పాను, మావయ్య పథ్యంతో సహా.

"మూడేళ్లు ఆవకాయ లేకుండానా?" అన్నాడు ఒక రైతు. పక్కవాడు నోట్లో చుట్ట తీసి కిటికీలోంచి పారేశాడు. తర్వాత కుడివైపు సీట్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నాయి.

కొండ ఆడవాళ్లకి ఆ వరస కొత్త. రెండుసార్లు విని, మూడోసారికి తమ పాటల్లోని ఏదో వంపులోకి దాన్ని లాక్కున్నారు. చివర్లో పొడుగ్గా తీసి ఆపకుండా కిందికి దింపేవాళ్లు. నోళ్లు దొరికాయి కాబట్టి కండక్టరు టిక్కెట్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఆగిన చోటల్లా ఇబ్బందే. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి నామం అందిస్తే గానీ దిగేవారు కాదు. గొలుగొండలో ఒక ముసలాయన మెట్టు మీదే నిలబడి, ఎక్కుతున్న కుర్రవాడి చెవిలో మూడు చుట్లు పాడి, వాడు సరిగ్గా అందుకున్నాడని తేల్చుకున్నాక దిగాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, "నామం దింపీసినోళ్లు దిగండి, ఎత్తుకున్నోళ్లు లోపలికి జరగండి," అన్నాడు. అతను పాడలేదు గానీ హారను తాళం మీద కొట్టడం మొదలైంది.

వార్త కోసం ఎన్నో భజనలకి వెళ్లాను. కాసేపు కూర్చుని, పెద్దలెవరొచ్చారో రాసుకుని లేచేవాణ్ని. ఆ రోజు లేవడానికి వీల్లేకపోయింది. మొదట్లో మాటలు వినిపించాయి. గానుగెద్దు ఎన్ని చుట్లు తిరిగినా బాట ఒకటే అయినట్టు, తిరిగిన కొద్దీ మాట అరిగిపోయింది. అర్థం ఎప్పుడు జారిపోయిందో తెలీదు. ఊపిరి పైకీ కిందికీ వెళ్లడం, ఆ ఊపిరి నాది ఒక్కడిదే కాకపోవడం మాత్రం తెలిసింది. పక్క సీట్లో బుట్టలోంచి ఎండుచేపల వాసన కొడుతూనే ఉంది. అదీ అందులో భాగమే అనిపించింది.

కొండలు మొదలయ్యాక దారిలో జీపు అడ్డంగా ఉంది. చెకింగు.

ఇన్స్పెక్టరు ఎక్కాడు. కండక్టరు సంచీని వెనక్కి తోసుకున్నాడు. పాడుతున్నవాళ్లలో కొంతమందికి టిక్కెట్లు కొట్టలేదు. పాడేవాళ్లని మధ్యలో ఎలా అడుగుతాడు? ఇన్స్పెక్టరు, "ఏటిది, బస్సా గుడా?" అన్నాడు. ఖాకీ బట్టలూ టోపీ చూడగానే కొండ ఆడవాళ్లు నోళ్లు మూశారు. రైతులు టిక్కెట్ల కోసం జేబులు వెతుక్కుంటున్నారు. స్కూలు మాస్టారు నన్ను చూశారు, నేను కండక్టరుని చూశాను. అతను ప్రశ్నకి జవాబు చెప్పాలి. అందరి గొంతులూ పలచబడి, నామం పోతుందని మళ్లీ అందుకున్న ఒక్క కండక్టరు గొంతు మిగిలింది. 

"నిన్నే అడుగుతున్నాను. ఎంతమందికి కొట్టావు?"

కండక్టరు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి లెక్క వచ్చే లోపల, అతని పక్క సీట్లోంచి నామం లేచింది.

మా అత్త. ముందుకి వంగి, ఎదురు సీటు కమ్మీ పట్టుకుని, కళ్లు మూసుకుంది. వాళ్లత్తగారు అన్నది నిజమే. అది మగ గొంతే. బరువుగా, అడుగు నుంచి, ఖాళీ గాబులోకి పిలిచినట్టు ఉంది. మొదటి చుట్టు కొంచెం బెదిరింది. రెండో చుట్టుకి బస్సు రేకులు ఆ గొంతుకి అలవాటు పడ్డాయి. ఇంజను ఆగి ఉంది. బయట అడవి. ఏ వాయిద్యమూ లేదు. ఆవిడ ఎవరికోసమూ పాడుతున్నట్టు లేదు, మావయ్య కోసం కూడా కాదు. ఇన్నాళ్లూ లోపల ఎక్కడో ఆపకుండా నడుస్తున్నది ఇప్పుడు బయటికి వినిపిస్తోంది, అంతే అనిపించింది.

ఇన్స్పెక్టరు చేతిలోని రిపోర్టు పుస్తకం మూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, కండక్టరు చెవిలో, "టిక్కెట్టు లేనోళ్లకి కొట్టీ. నేను దిగినాక రాస్తాను," అన్నాడు. రాస్తానన్నవాడు రాశాడు కూడా. భక్తి భక్తే, రిపోర్టు రిపోర్టే. అయితే దిగేటప్పుడు మెట్టు మీద అతని బూటు చప్పుడు వరసలో పడింది. అది అతనికి తెలిసి ఉండదు.

కొయ్యూరులో అందరూ దిగారు. అత్త దిగలేదు. అక్కడి టీకొట్టు ఆయన గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆవిడ తల ఊపి వద్దంది. తిరుగు ప్రయాణంలో కండక్టరు, నేను, ఎక్కిన కొద్దిమందీ వెనకపాట అందుకున్నాం. ముందుపాట ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు.

నర్సీపట్నం చేరేసరికి పొద్దు వాలుతోంది. బస్టాండులో మావయ్య, ఆయన చుట్టూ మాకవరపాలెం వైపు జట్టు. పంచెల మీద బెల్లం మరకలు ఇంకా ఆరలేదు. వాళ్లు ఎప్పుడో వచ్చారట. వచ్చి గుళ్లో చాపల మీద తాళాలు ఒళ్లో పెట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నారు. కొత్తగా ఎత్తుకుంటే పాతది తెగిందని ఒప్పుకున్నట్టు.

బస్టాండు కంట్రోలరు వల్ల సంగతి తెలిసిందని తర్వాత మావయ్య చెప్పాడు. గుళ్లో ఆ జట్టు పెద్ద మావయ్యని అడిగాడట, "నామం ఏదండీ?"

"కొయ్యూరు ఎళ్లినాదండీ."

"ఎప్పుడొస్తాది?"

"సాయంత్రం బస్సుకి."

"అలగైతే పదండి, ఎదురెల్దాం," అన్నాడట ఆ జట్టు పెద్ద. అంతకు మించి ఏమీ ఆశ్చర్యపోలేదట.

బస్సు మెట్ల దగ్గరే వాళ్లు గొంతు కలిపారు. కండక్టరు ఆపాడు. నేను ఆపాను. అత్త మాత్రం వాళ్లతోపాటే పాడుతూ గుడిదాకా నడిచింది. దీపం వెలుగుతోంది. పక్కింటి ముసలావిడ దాని ముందు కూర్చుని కునుకుతోంది.

మర్నాడు పొద్దున్న సూర్యుడు వచ్చాక హారతి ఇవ్వబోతూ పూజారిగారు ఆగారు. దీపం ఇక్కడా నామం అక్కడా ఉన్నప్పుడు ఏకాహం ఎక్కడ జరిగినట్టు అన్నది ఆయన సందేహం. హార్మనీ మాస్టారు సిగ్గుతో తల వంచుకుని ఉన్నారు. జట్టు పెద్దాయన, "పంతులుగారూ, కొయ్యూరులో రాములోరికి వినబడదేటండీ?" అన్నాడు. మావయ్య చేతులు కట్టుకుని, "టేపురికార్డరు కాదు కదండీ, ఊపిరున్న మనుషులే కదండీ," అన్నాడు. ఆయన మొహం చూసి పూజారిగారికే జాలేసి ఉంటుంది. కర్పూరం వెలిగించారు.

అందరం ఇంటికి వచ్చాం. అత్త స్నానం చేసి అన్నం వార్చింది. అటక మీది జాడీ దింపింది. మావయ్య పీట మీద కూర్చుని, కంచంలో పొగలు కక్కే అన్నం వంక చూస్తూ, చెయ్యి కడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన నేను. అత్త జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పింది. ఆవపిండి ఘాటుకి మావయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఘాటు వల్లనో కాదో నేను చెప్పలేను.

ఆవిడ ఇంకా పాడుతూనే ఉంది. గట్టిగా కాదు, లోలోపల. గుళ్లో హారతి అయినా, మంగళం పాడినా, దారిలో నాలుగిళ్ల వాళ్లు పలకరించినా ఆ గొంతు ఆగలేదని అప్పుడు గమనించాను. గరిటెతో ఆవకాయ తీసి మావయ్య కంచం మీదికి తెచ్చింది. సగం చుట్టులో ఉంది. గరిటె అక్కడే ఆగిపోయింది. చుట్టు పూర్తయింది. మళ్లీ మొదలైంది. ఆవిడ కళ్లు కంచం మీద ఉన్నాయి గానీ చూస్తున్నట్టు లేవు. గరిటె అంచు నుంచి ఎర్రటి నూనె ఒక బొట్టు అన్నం మీద పడింది. కాసేపటికి ఇంకో బొట్టు.

"అత్తా," అన్నాను.

మావయ్య నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాడు. అన్నం మీద పొగ తగ్గిపోతోంది.

"ఉండనీరా," అన్నాడు మెల్లగా. "తొందరేటీ లేదు. నామం కానీయ్."